నిలువ వేతనము
(వేములవాడలో విశ్వవిద్యాలయ కళాశాలల అధ్యాపక, ఉద్యోగ, కార్మిక సభలో చేసిన ప్రసంగపాఠము)



వేములవాడలో విశ్వవిద్యాలయము లేదు. ఇచ్చట విశ్వవిద్యాలయోద్యోగుల ఆరోగ్యమును, వార్ధక్యమును గూర్చి ప్రసంగించుటేల యని కొందరు మిత్రులు మమ్మడిగిరి. సమాధానము మన చుట్టుపట్లనే యున్నది. జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానమును, వ్యవసాయ కళాశాలయు కలవు. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. కొండగట్టు చేరువనున్న నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల కలదు. సిరిసిల్ల ప్రాంతమున వ్యవసాయ కళాశాలయు, మరియొక ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. మన డిగ్రీ కళాశాలలు 2008లో కరీంనగరమున నెలకొన్న శాతవాహన విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. ఈ విధముగా నాలుగు విశ్వవిద్యాలయముల కొమ్మలు మన యూళ్లపై నీడ పరచుచున్నవి. ఆ కొమ్మల క్రింద పనిచేయువారందరికిని నీడ యందుచున్నదా? ఇదియే నేటి ప్రశ్న.

విశ్వవిద్యాలయమనగానే మన కన్నులకు ఆచార్యుడును, గ్రంథాలయమును, పట్టప్రదానోత్సవమునాటి పొడుగు అంగీయు కనబడును. తెల్లవారకమునుపే తరగతిగదుల నూడ్చు స్త్రీ, వసతిగృహపు పొయ్యికడ చెమటయోడ్చు వంటవాడు, రాత్రియెల్ల గేటుకడ మేల్కొనియుండు కాపలాదారుడు, ప్రయోగశాలలో ఆమ్లపు సీసాలు మోయు సహాయకుడు, బురదలో నడుము వంచి నాటువేయు కూలి — వీరును విశ్వవిద్యాలయమే. వీరిలో నేయొక్కరు రెండు దినములు రాకున్నను చదువు సాగదు. అయినను, ఒంట్లో బాగులేనినాడు వీరి గతియేమి, కాలుసేతులాడని వయసున వీరి కూడెక్కడిది అని యడిగినచో ఒక్కొక్కరికొక్కొక్క సమాధానము వచ్చును. కొందరికి సమాధానమే రాదు.

ఒకే పందిరి, మూడు పంక్తులు

పెండ్లివారి పందిటిలో పంక్తిభేదము చూపిన గృహస్థుని మన యూరిలో నలుగురు నాలుగు మాటలందురు. విద్యాపందిటిలో మాత్రము మూడు పంక్తులు కూర్చున్నను మనకు ఎబ్బెట్టుగా తోచుటలేదు.

మొదటి పంక్తివారు 2004 సెప్టెంబరు 1వ తేదీకి పూర్వము స్థిరోద్యోగమున చేరినవారు. నిండుసేవ చేసి విరమించినవారికి తుదిజీతములో సగము పింఛనుగా వచ్చును. ధరలు పెరిగినకొలది కరువుభత్యమును పెరుగును. వారు కాలధర్మము నొందినచో కుటుంబమునకు కొంత యందును. ఇది పాత పద్ధతి.

రెండవ పంక్తివారు ఆ తేదీకి తరువాత చేరినవారు. వీరి మూలవేతనమునుండియు, కరువుభత్యమునుండియు నూటికి 10 వంతులు ప్రతిమాసము కోయబడును. యజమాని యంతే మొత్తము కలుపును. ఆ సొమ్ము సంతలో తిరిగి పెరిగినంత పెరుగును, తరిగినంత తరుగును. విరమించునాడు కూడిన మొత్తములో నూటికి కనీసము 40 వంతులతో నెలవారీ రాబడిని కొనుక్కొనవలెను. ఎంత వచ్చునో ముందుగా చెప్పువాడెవ్వడును లేడు. ఈ యనిశ్చయమును సహింపలేకయే దేశమందు పెద్ద సంచలనము కలిగినది. 2022లో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములును, 2023లో హిమాచల ప్రదేశమును పాత పద్ధతికి మరలినవి. 2023లోనే ఆంధ్రప్రదేశ్ హామీ పింఛను చట్టమొకటి చేసినది. కేంద్రప్రభుత్వము 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకమును తెచ్చినది. కావున రెండవ పంక్తివారి ఆవేదనను అరణ్యరోదనమన వీలులేదు. అది ప్రభుత్వముల చెవిని సోకినది.

మూడవ పంక్తివారి మాటయో? వీరు కాంట్రాక్టు అధ్యాపకులు, పార్ట్‌టైము అధ్యాపకులు, గంటల లెక్కన పాఠము చెప్పు గెస్టు లెక్చరర్లు, ఏజెన్సీల ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగు సిబ్బంది, దినవేతనపు కూలీలు. ఏండ్లు గడచినను వీరు 'తాత్కాలికులు'. జుట్టు నెరసినను తాత్కాలికులే. పిల్లలకు పెండ్లిండ్లు చేసినను తాత్కాలికులే. మొదటి రెండు పంక్తులలో వడ్డనము ఎక్కువ తక్కువలను గూర్చి వివాదము. మూడవ పంక్తిలో విస్తరియే పరచబడలేదు. నేడు మేము ముఖ్యముగా మాటలాడదలచినది ఈ విస్తరిని గూర్చియే.

దానమా? ఋణమా?

మొట్టమొదట ఒక చిక్కును విప్పుకొనవలెను. పింఛననునది ఏమి? పెద్దమనస్సుతో నిచ్చు దానమా, ఇచ్చితీరవలసిన ఋణమా?

మన వేములవాడకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వేయియేండ్లకు మించిన కాలమున ఇచ్చట చాళుక్య అరికేసరి కొలువుండెను. ఆయన యాస్థానకవి పంపడు. ఆ కవికి రాజు ధర్మవురమను అగ్రహారమునిచ్చెనని కురిక్యాల శాసనము చెప్పుచున్నది. కవి గొప్పవాడు, రాజు రసికుడు. ఆ దానము చరిత్రకెక్కినది. కాని యదే కొలువులో గుర్రములను తోమినవాడు, తాటియాకులను చక్కచేసి యిచ్చినవాడు, కోటగోడకు రాయి మోసినవాడు ముసలివాడైనపుడు ఏమి తినెనో ఏ శాసనమును చెప్పదు. దానము యొక్క స్వభావమే యది. దాత కన్ను ఎవ్వనిపై పడునో వానికి దొరకును, పడనివానికి దొరకదు.

నిజాం రాజ్యమున పింఛనును వజీఫా యనిరి. అందుకొనువాడు వజీఫాయాబు. తెలుగున కొందరు దానిని ఉపకారవేతనమని వ్రాసిరి. ఈ మాటలన్నింటను ప్రభువు దయ యొక వాసన యున్నది. ఉపకారమే యైనచో అడుగుటకు మనకు నోరెక్కడిది?

స్వతంత్రభారత న్యాయస్థానములు ఈ వాసనను కడిగివేసినవి. దేవకీనందన ప్రసాదు వ్యాజ్యమున 1971లో సుప్రీంకోర్టు పింఛను ప్రభుత్వపు ఇష్టాయిష్టములపై నాధారపడు కానుక కాదనియు, అది హక్కనియు తేల్చెను. 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ మాటను మరింత విప్పి, పింఛను గతసేవకు ప్రతిఫలమనియు, వృద్ధాప్యమున మనుజుడు పరువుతో బ్రతుకుటకై యేర్పడిన సాంఘిక న్యాయమనియు వివరించెను. నేటికిని డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగా జరుపుకొనుట అందువలననే. తరువాత కేరళనుండి వచ్చిన పద్మనాభన్ నాయరు వ్యాజ్యమున, తప్పు కార్యాలయముది యైనపుడు జాగుచేసిన పింఛనుపై వడ్డీయును చెల్లింపవలెనని నిర్ణయమైనది. 2013లో జార్ఖండు వ్యాజ్యమున పింఛనును, గ్రాట్యుటీయు రాజ్యాంగము 300-ఎ అధికరణమున చెప్పిన ఆస్తియే యనియు, చట్టాధికారము లేక దానిని లాగుకొనరాదనియు స్థిరపడినది.

మన తెలుగువారి యుదాహరణమే యొకటి కలదు. 2020లో మహమ్మారి విరుచుకొనిపడినపుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జీతములలోను, పింఛనులలోను కొంత భాగమును వాయిదా వేసెను. ఖజానా యిబ్బందిలో నున్నదని చెప్పిన కారణము అబద్ధము కాదు. అయినను 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు ఆ బకాయిలను సంవత్సరమునకు 6 శాతము వడ్డీతో చెల్లింపుమని యాజ్ఞాపించెను. ఖజానా యిబ్బందివలన ఋణము దానముగా మారదని దీని తాత్పర్యము. తెలంగాణమునందును 2024 మార్చి తరువాత విరమించిన రాష్ట్రోద్యోగులలో అనేకులు తమ ప్రతిఫలములకై ఉన్నత న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చినది. ఋణమని యొప్పుకొన్నంత మాత్రమున ఋణము తీరదు, అడుగువాడుండవలెను.

కావున మేము పింఛనును 'నిలువ వేతనము' అనుచున్నాము. నేడు చేసిన పనికి కూలిలో కొంత నేడు చేతికి వచ్చును; కొంత ముసలితనమునకై నిలువయుండును. రెండును కూలియే.

ఒక కోటీశ్వరుని పాఠము

దానముపై విశ్వవిద్యాలయపు వార్ధక్యమును నిలుపజూచిన ప్రయత్నమొకటి అమెరికాలో జరిగినది. ఉక్కు వర్తకమున కుబేరుడైన కార్నెగీ 1905లో కోటి డాలర్లు తీసియిచ్చి, కళాశాలాచార్యులకు ఉచితముగా పింఛనులిమ్మనెను. ఆచార్యులు చిల్లిగవ్వ కట్టనక్కరలేదు. లోకము జేజేలు కొట్టినది. పదియేండ్లు తిరుగకమునుపే లెక్క తప్పుచున్నదని తెలిసినది. పింఛనుకు దగినవారు ఏటేట పెరిగిరి. కోటి డాలర్లు కోటియే యయ్యెను. చివరకు 1918లో ఆచార్యుడును, కళాశాలయు ఉభయులును నెలనెల చందా కట్టి, ఎవరి పద్దు వారికి వ్రాయు సంస్థ నొకదానిని నెలకొల్పవలసివచ్చెను. అది నేటికిని నడచుచున్నది. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టినదియు ఆ 1918లోనే.

ఈ కథ సారాంశము సులభము. దాత యెంతటివాడైనను దానమునకు అడుగున్నది, పద్దునకు లేదు. పద్దులో పేరున్నవానికి రేపున్నది.

తల్లికి కలదు, కొడుకునకు లేదు

ఈ మాటను మన యింటిముంగిటనే పరీక్షింతము. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టు తల్లులు వేలమంది కలరు. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చినది. యజమానులు దానిని కాదని న్యాయస్థానమునకు పోగా, 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపినది. 1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి, అనగా మనమందరము పీఎఫ్ అనుకొనునది, వర్తించినది. నాటినుండి ఇంటియరుగుపై చాట యొడిలో పెట్టుకొని బీడీ చుట్టిన స్త్రీకిని ఒక పీఎఫ్ సంఖ్య దక్కు మార్గమేర్పడినది.

ఆ తల్లి బీడీల సొమ్ముతో కొడుకును ఎం.ఏ. చదివించినది. వాడు కళాశాలలో గంటల లెక్కన పాఠము చెప్పుచున్నాడు. తల్లికి పీఎఫ్ పద్దు కలదు, కొడుకునకు లేదు. చదువులేని తల్లికి చట్టము పట్టిన గొడుగు, చదువు చెప్పు కొడుకుకడకు రాలేదు. ఇంతకన్న వింత యేమి కలదు?

చట్టము లేకకాదు. ఉద్యోగుల భవిష్యనిధి చట్టము విద్యాసంస్థలకు 1982లోనే వర్తింపజేయబడినది. విశ్వవిద్యాలయము వంటి సంస్థలు 'మాకు స్వంత పింఛను నియమములు కలవు, ఆ చట్టము మాకంటదు' అని చెప్పుట యొక పరిపాటి. ఆ నియమములు స్థిరోద్యోగులకు మాత్రమేయైనచో మిగిలినవారి గతియేమి? 2020 జనవరిలో పవన్ హంసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ చిక్కును విడదీసినది. సంస్థ స్వంత నిధిలో చేర్చుకొనబడని కాంట్రాక్టు ఉద్యోగులకు చట్టబద్ధమైన భవిష్యనిధి లాభము కలుగవలసినదేయని తీర్పిచ్చినది. స్వంత గొడుగైన పట్టవలెను, లేదా చట్టపు గొడుగు క్రిందికైన రానీయవలెను. ఎండలో నిలుపుట మాత్రము కుదరదు.

గ్రాట్యుటీ కథ మరియు విచిత్రము. 1972లో గ్రాట్యుటీ చట్టము పుట్టినది. 1997 ఏప్రిల్ 3న విద్యాసంస్థలకు విస్తరింపబడినది. కాని 2004 జనవరిలో, ఆ చట్టమునందలి నిర్వచనము ననుసరించి ఉపాధ్యాయుడు 'ఉద్యోగి' కాడని తీర్పు వచ్చినది! బడి యూడ్చినవాడు ఉద్యోగి, బడిలో పాఠము చెప్పినవాడు కాడు. పార్లమెంటు 2009లో నిర్వచనమును సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండియే అది వర్తించునట్లు చేసినది. ప్రైవేటు పాఠశాలల యజమానులు మరల న్యాయస్థానమునకు పోయిరి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణను నిలిపినది. పదునెనిమిదేండ్ల యీ పోరాటమున గెలిచినది వాదనాపటిమ మాత్రమే కాదు. ఓపికతో కాగితములు దాచుకొనిన ఉపాధ్యాయుల పట్టుదల.

ఇప్పుడు ఆ పాత చట్టము స్థానమున సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. సంవత్సరపు సేవకు పదునైదు దినముల వేతనమను లెక్కయు, అయిదేండ్ల సేవ యను నియమమును అందును నిలిచినవి. నియతకాలపు ఒడంబడికపై పనిచేయువారికి ఒక్క సంవత్సరపు సేవ చాలుననుట క్రొత్త మాట. కాంట్రాక్టు మిత్రులు ఈ వాక్యమును గోడపై వ్రాసికొనదగును.

లెక్క చూడుడు. తుదినెల వేతనము 15,600 రూపాయలనుకొందము. 26 దినములచే భాగించినచో దినమునకు 600 రూపాయలు. పదునైదు దినములకు 9,000. ఇరువది సంవత్సరముల సేవకు 1,80,000 రూపాయలు. పెద్దజీతములవారికి ఇది పెద్దమొత్తము కాకపోవచ్చును. గదులూడ్చు స్త్రీకి అది కూతురి పెండ్లి, లేదా కంటి శస్త్రచికిత్స, లేదా ఇంటి పైకప్పు. పీఎఫ్‌తోకూడిన పింఛను లెక్కయు నిట్టిదే. 15,000 రూపాయల వేతనముపై పదునాలుగేండ్లు చందా పడినచో, వేతనమును సేవా సంవత్సరములచే హెచ్చించి 70చే భాగింపగా నెలకు 3,000 రూపాయలు వచ్చును. కనీసము పదియేండ్ల సేవ యుండవలెను. చిన్నమొత్తమే, కాని కొడుకు ముందు చేయిచాపనక్కరలేని మొత్తము.

సేవను ముక్కలుచేయు కత్తి

అయినను ఈ లెక్కలు చాలమందికి ఏల దక్కుటలేదు? మా వృత్తిలో నెదురైన యొక వ్యవహారము చెప్పెదము; సంస్థ పేరు అప్రస్తుతము. ఇరువది యేండ్లు ఒక విద్యాసంస్థ తోటలో చెట్లు పెంచిన వృద్ధుడొకడు మా యొద్దకు వచ్చెను. ఆయన నాటిన వేపచెట్లు రెండంతస్తుల యెత్తు పెరిగినవి. ఆయన సేవ మాత్రము కాగితముపై రెండేండ్లకు మించి యెదుగలేదు. ఏలయన, మనుష్యుడు మారలేదు, పని మారలేదు, ఏజెన్సీలు మారినవి. ఏజెన్సీ మారినప్పుడెల్ల ఆయన నిన్న చేరినవాడే. ఆయన చేతనున్న సాక్ష్యములు చినిగిన గుర్తింపు కార్డులు రెండు, బ్యాంకు పుస్తకమొకటి. ఆ బ్యాంకు పుస్తకమే చివరకు అక్కరకు వచ్చినది. మాసమాసము పడిన జీతపు పద్దులే ఆయన సేవకు సాక్షులైనవి.

ఏజెన్సీ మారుట యనునది సేవను ముక్కలుచేయు కత్తి. దీనికి విరుగుడు లేకపోలేదు. 2014నుండి పీఎఫ్‌కు ఒకే శాశ్వత సంఖ్య వచ్చినది. ఎన్ని ఏజెన్సీలు మారినను ఆ సంఖ్య మారరాదు. ఏజెన్సీ చందా కట్టకున్నచో పని చేయించుకొను ప్రధాన యజమానియే బాధ్యుడు. కావున 'ఏజెన్సీవానిని అడుగుకొనుము' అను సమాధానముతో విశ్వవిద్యాలయము చేతులు దులుపుకొనజాలదు.

ఇచ్చట కొందరు 2006 నాటి ఉమాదేవి తీర్పును ముందుకు త్రోయుదురు. నియమవిరుద్ధముగా చేరినవారిని స్థిరపరచరాదని సుప్రీంకోర్టు చెప్పినది గదా, ఇంక నేమి అడుగుదురని వారి వాదము. ఆ తీర్పు స్థిరీకరణమును గూర్చినది. చేసిన పనికి పీఎఫ్ చందా కట్టవలదని గాని, గ్రాట్యుటీ యెగవేయవచ్చునని గాని అందొక్క అక్షరమును లేదు. మరియు 2024 డిసెంబరు 20న జగ్గో వ్యాజ్యమున అదే న్యాయస్థానము, దశాబ్దములకొలది నిత్యావసరమగు పని చేయించుకొనుచు 'తాత్కాలికము' అను ముద్రవేసి హక్కులను తప్పించుకొనుటకు ఉమాదేవి తీర్పును కవచముగా వాడరాదని మందలించినది.

ఒళ్లు బాగుండుట

వార్ధక్యమును గూర్చి యింత చెప్పి ఆరోగ్యమును మరువరాదు. పింఛను చేతికి వచ్చువరకు ప్రాణముండవలెను గదా!

1995 జనవరిలో సుప్రీంకోర్టు, ఆస్బెస్టాసు కార్మికుల వ్యాజ్యమున, కార్మికుని ఆరోగ్యమును సేవాకాలమునందును, విరమణానంతరమునను కాపాడుట జీవించుహక్కులో భాగమని చెప్పినది. విశ్వవిద్యాలయము ఆస్బెస్టాసు కర్మాగారము కాదని మనము తేలికపడనక్కరలేదు. పొలాస మళ్లలో మందు చల్లువాని ఊపిరి, మే నెల యెండలో కలుపుతీయు స్త్రీ దేహము, కోరుట్లలో పశువుల ఈనుపు పనులు చూచువారికి సోకగల బ్రుసెల్లా జ్వరము, కుక్కకాటు భయము, ప్రయోగశాలలో ఆవిరుల నడుమ నిలుచువాని కన్నులు, అయిదుగంటలు నిలువుకాళ్లపై పాఠము చెప్పువాని గొంతును మోకాళ్లును — ఇవన్నియు పనివలని రోగములే. చేతితొడుగులు, ముక్కుకవచములు, ముందుగా వేయు రేబీసు టీకా, మధ్యాహ్నపు టెండకు విరామము, ఏటేట దేహపరీక్ష — వీనికి కోట్లు కావలయునా?

పెద్దరోగము వచ్చినవానికి ఆరోగ్యశ్రీ యున్నది. 2007లో మొదలైన ఆ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము పది లక్షలకు పెంచినది. మంచిదే. కాని యది మంచముపట్టిన తరువాతి మాట. మంచము పట్టకుండ చూచుట యజమాని ధర్మము. నెలకు 21,000 రూపాయలు మించని కార్మికులకు ఈఎస్‌ఐ కలదు. కార్మికుని వంతు నూటికి ముప్పాతిక, యజమాని వంతు మూడుంబాతిక. కోత జీతపు చీటీలో కనబడి కార్డు చేతికి రానిచో, ఆ కార్మికుడు రోగము వచ్చుటకు ముందే నష్టపోయినవాడు.

స్త్రీలను గూర్చి ప్రత్యేకముగా నొక మాట. దినవేతనపు స్త్రీలకు ప్రసూతి సెలవేమిటని ఢిల్లీ నగరపాలక సంస్థ వాదింపగా, 2000 మార్చి 8న సుప్రీంకోర్టు వారికిని ప్రసూతి లాభము చెల్లవలసినదేయని తీర్చినది. ఆ తేదీ మహిళాదినోత్సవమగుట మరువరానిది. 2017 నుండి ఆ సెలవు 26 వారములు. ఒడంబడిక గడువు తీరినంతనే ఈ హక్కు తీరిపోదని 2023 ఆగస్టులో మరియొక తీర్పు వచ్చినది. గర్భవతియైన గెస్టు లెక్చరరును 'వచ్చే సంవత్సరము చూతములెమ్మా' యని పంపివేయు ప్రిన్సిపాలులు ఈ రెండు తీర్పులను చదువవలెను.

సొమ్మెక్కడిది?

సొమ్ము లేదందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. విశ్వవిద్యాలయములు ప్రభుత్వ గ్రాంటుపై నడచునవి. గ్రాంటు చాలక జీతములకును, పింఛనులకును వెదుకులాడు దినములు కలవు. కాని చందాల మొత్తమును జీతముతోపాటు ఏటేట గ్రాంటులో చూపి యడుగుట వేరు. జీతమునే వ్యయముగా చూపి, చందాను మరచినట్లు నటించుట వేరు. ఇరువదియేండ్లు కట్టనిదానిని ఒక్కసారి వడ్డీతో కట్టుమని న్యాయస్థానము చెప్పునాడు గ్రాంటు చాలునా? నేటి పొదుపు రేపటి ఋణము. అప్పుచేసి పప్పుకూడు తినుట యన్న సామెత విన్నాము. కూలివాని పద్దునుండి అప్పుచేసి భవనములు కట్టుట అంతకన్న ఘోరము.

ఏమి చేయవలెను?

విశ్వవిద్యాలయాధికారులకు మా విన్నపములు నాలుగు. ఒకటి: ప్రతి ప్రాంగణమున పనిచేయువారందరి పేర్లును, చేరిన తేదీలును, పీఎఫ్, ఈఎస్‌ఐ సంఖ్యలును ఒకే పట్టికగా వ్రాసి ఏటేట గోడపై నంటింపుడు. రెండు: ఏజెన్సీతో చేయు ఒడంబడికలో, మనిషి కొనసాగినంతకాలము సేవ కొనసాగునను షరతు పెట్టుడు, చందా రసీదు చూపనిదే బిల్లు చెల్లింపకుడు. మూడు: ఏడాదికొకసారి అందరికిని దేహపరీక్ష చేయింపుడు, ఆచార్యునకు నొకటే, పాకీపని చేయువానికి నొకటే. నాలుగు: విరమణదినమునకు ఆరుమాసములు ముందే కాగితములు సిద్ధముచేయుడు, శాలువ కప్పిన చేతితోనే ఉత్తరువు నందింపుడు.

మూడవ పంక్తి సోదరులకు మా మాట ఇది. మీ కాగితములే మీ సేద్యము. నియామకపు ఉత్తరువు, హాజరు చీటీ, జీతపు చీటీ, బ్యాంకు పుస్తకము, పాత గుర్తింపు కార్డు — ఏదియు పారవేయకుడు. పీఎఫ్ పద్దును మూడుమాసములకొకసారి చూచుకొనుడు. పద్దు ఆగినచో ఆ మాసమే వ్రాతపూర్వకముగా అడుగుడు. నకలుపై ముద్ర వేయించుకొనుడు. నోటిమాట గాలికి పోవును, ముద్రపడిన కాగితము న్యాయస్థానమువరకు వచ్చును.

మొదటి రెండు పంక్తుల మిత్రులతో కొంత కటువుగా మాటలాడక తప్పదు. మీ సంఘములు గట్టివి, మీ మాట రాజధానిలో వినబడును. పాత పింఛనుకై మీరు చేయు పోరాటమున న్యాయము కలదు. కాని మీ సంఘపు సభ్యత్వపట్టికలో గదులూడ్చు స్త్రీ పేరున్నదా? మీ విన్నపపత్రమున గెస్టు లెక్చరరు పీఎఫ్ ఒక యంశముగ నున్నదా?  2011లో సకల జనుల సమ్మె నలువది రెండు దినములు సాగినపుడు, మేము స్వచ్ఛంద సేవకులుగా ఊరూర తిరిగితిమి. నాడు 'సకల జనులు' అన్నాము. పంక్తులు వేరుచేయలేదు. ఉద్యమమునకు పనికివచ్చిన ఆ మాట, ఉద్యమము ఫలించిన తరువాత కళాశాల గేటు బయట ఆగిపోవచ్చునా?

సిరిసిల్ల గుర్తు

వెట్టిచాకిరిని రూపుమాపుటకై పోరిన ఆంధ్రమహాసభ తన నాలుగవ సమావేశమును 1935లో మాడపాటి హనుమంతరావు గారి యధ్యక్షతన సిరిసిల్లలో జరిపినది. వెట్టియన నేమి? పనికి లెక్క లేకుండుట. నేటి కాంట్రాక్టు కార్మికునకు నెలజీతమున్నది గనుక యది వెట్టి కాదు. కాని జీతములో భాగమైన నిలువను వ్రాయక మానుట వెట్టికి దాయాది. పేరు మారినది, మొగము పోలికలు పోలేదు.

పొలాస మళ్లలో పుట్టిన వంగడములు మన యిండ్లలో అన్నమై పండినవి. పొలాస ప్రభ, జగిత్యాల సన్నాలు, జగిత్యాల సాంబ, జగిత్యాల మషూరి — ఈ పేర్లు రైతుల నోట నానుచున్నవి, శాస్త్రగ్రంథముల కెక్కినవి. వంగడమును కనుగొన్న శాస్త్రజ్ఞునకు మన నమస్కారము. ఆ మళ్లలో మొదటి నాటువేసిన నడుము ఎవరిదో, ఆమె పేరు ఏ పట్టికలో నున్నదో ఒకమారు వెదకుడు. దొరకినచో సంతోషము. దొరకనిచో పట్టికను నేడే తెరచి, ఆమె పేరును మొదటి వరుసలో వ్రాయుడు. పేరు వ్రాయుటతోనే ఋణము తీరదు. కాని పేరు వ్రాయనిదే ఏ ఋణమును తీరదు.